గింజలమ్మ వెనక్కి తీసుకున్న వ్యాసం

ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకుని నిలబడాల్సినంత ఇరుకు సందు అది. ఆ సందు చివర దర్జీ కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో కత్తిరింపుల బల్ల కింద కూర్చుని చదువుకున్న పిల్ల, చదువులో ఎక్కని మెట్టు లేదు. సందులోంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల ఆమె. విత్తనాల శాస్త్రంలో బంగారు పతకం ఆమెది. విత్తన పరిశోధన సంస్థలో ఒక్క ఉద్యోగానికి బండెడు దరఖాస్తులు వస్తే, పైన తేలిన పేరు ఆమెది. ముప్పై నిండకుండా డాక్టరేటు. ఆ వెంటనే సొంత గది, తలుపు మీద సొంత పేరు. ఇవన్నీ వరసబెట్టి చెప్పుకోవలసినవే. వీటిలో ఒక్కటి కూడా ఎవరో చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టింది కాదు.

చిన్నప్పటి నుంచీ ఆమె జేబుల్లో ఏవో గింజలు ఉండేవి. ఉతకడానికి వేసిన గౌనులోంచి మొలకలు వచ్చాయని వాళ్ళమ్మ ఒకసారి చుట్టుపక్కల అందరినీ పిలిచి చూపించిందట. అప్పటినుంచి సందులో ఆమెను గింజలమ్మ అన్నారు. తల్లి తొందరగానే పోయింది. పేరు మిగిలింది.

దర్జీకి కూతురే లోకం. గిరాకీ కొలతలకు వచ్చి నిలబడితే చాలు, ఇక వాడు దొరికిపోయినట్టే.

"ఊపిరి పీల్చి ఆపండి," అని టేపు ఛాతీ చుట్టూ బిగించేవాడు. గిరాకీ బిగబట్టగానే అందుకునేవాడు. "మా అమ్మాయి పేరు ఈ ఏడు మూడు వందలమంది పైగా ఎత్తారండీ."

"వదలొచ్చా?"

"ఆగండి. అందులో సగంమంది సముద్రం అవతలివాళ్ళు."

"నడుము కొలత తియ్యవయ్యా బాబూ, పోతాను."

"నడుముకేం, ఎక్కడికీ పోదు. ఇంకో మాట వినండి."

ఒకరు రాసిన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో ఫలానావారు ఇలా కనుక్కున్నారు అని ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. దర్జీ నోట్లో అది "పేరెత్తడం" అయింది. ఎన్ని సైటేషన్లు వస్తే పరిశోధకుడికి అంత విలువ. ఎంతమందితో కలిసి పనిచేస్తే అంత పలుకుబడి. సంస్థలో ఏడాదికోసారి ఒక సాయంత్రం దీనికే కేటాయించేవారు. అందరి ఇళ్ళ నుంచీ పెద్దవాళ్ళను పిలిచి, డైరెక్టరు గారు ఒక్కొక్కరి పేరూ, సైటేషన్ల అంకె చదివేవారు. హాలు చప్పట్లు కొట్టేది. ఆ సాయంత్రానికి దర్జీ తాను కుట్టుకున్న కోటు వేసుకుని, ముందు వరసలో, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చునేవాడు. అంకె పక్కన గోడ మీద ఒక బొమ్మ కూడా వేసేవారు. ఒక్కో పరిశోధకుడు ఒక చుక్క. కలిసి వ్యాసాలు రాసినవాళ్ళ చుక్కలను కలుపుతూ ఒక గీత. ఎక్కువ రాస్తే లావు గీత.

"ఇది కుట్టు కాదే, తాడు," అన్నాడు దర్జీ ఒక ఏడు, కూతురి చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఉన్న గీతను చూసి. "ఎవరు ఈ రెండోవాడు?"

"పొడుగన్నయ్య, నాన్నా."

ఆయన్ను సంస్థ అంతా పొడుగాయన అనేది. ఏ తలుపులోంచి వచ్చినా మెడ వంచే వచ్చేవాడు. గింజలమ్మ కంటే పదిహేనేళ్ళు పెద్ద. ఉద్యోగంలో చేరిన రోజు ఆమెను చూసి, "నువ్వు దర్జీగారి అమ్మాయివి కదూ? నా ప్యాంటుకు గుడ్డ చాలదని మీ నాన్న తిట్టని పండగ లేదు," అన్నాడు.

"ఇప్పటికీ తిడతాడు. మీ ఒక్క ప్యాంటు గుడ్డతో ఇద్దరు పిల్లలకు నిక్కర్లొస్తాయట."

"అయితే నన్ను అన్నయ్యా అను. తిట్టుకునే ఇళ్ళలో వరసలు గట్టిగా ఉంటాయి."

ఆ మాట ఎందుకన్నాడో గానీ నిలబడింది. ఆయన భార్య వదిన అయింది. మధ్యాహ్నం ఆయన సంచిలో రెండు డబ్బాలు వచ్చేవి, రెండోది గింజలమ్మకు. ఆమెకు విషజ్వరం వచ్చినప్పుడు వదిన దర్జీ ఇంటికొచ్చి, వంటగదిలో ఏ గిన్నె ఎక్కడుందో దర్జీకే చెప్పేటంత కాలం ఉండిపోయింది. తల్లి లేని ఇంట్లో ఆ తర్వాత ఏ మంచికైనా చెడుకైనా వదిననే అడిగేవారు.

ఇద్దరి పనీ విత్తనాలను దాచడం. గింజను ముందు ఆరబెట్టాలి, తర్వాత గడ్డకట్టే చలిలో పెట్టాలి. అప్పుడది ఏళ్ళ తరబడి నిద్రపోయి, లేపితే మొలకెత్తుతుంది. ఆరబెట్టడమే కష్టం. చల్లటి గాలిలో నెమ్మదిగా ఆరబెడితే వారాలు పడుతుంది. వేడి ఎక్కువైతే గింజ చస్తుంది, చచ్చినట్టు పైకి కనబడదు కూడా. పొడుగాయనకు ఒక ఆలోచన వచ్చింది. బఠాణీ జాతి గింజలను ఓవెన్‌లో నలభై అయిదు డిగ్రీల వేడిలో రెండు రోజుల్లో ఆరబెడితే?

మూడేళ్ళు చేశారు. సంస్థలో పాత ఓవెన్ ఒకటి ఉండేది, ఇనప బీరువా లాంటిది. పైకప్పు రంధ్రంలో థర్మామీటరు దూర్చి ఉండేది. పై అర కొక్కేలు విరిగిపోతే ట్రేలను కింది అరలో పెట్టేవారు. వెనక ఫ్యాను గుయ్యిమని మోగుతూ ఉండేది. "అది పాడుతున్నంతసేపూ మనకు పని జరుగుతున్నట్టే," అనేవాడు పొడుగాయన. గింజలమ్మ థర్మామీటరు చూసి రాసుకునేది, తడి కాగితం మీద గింజలు పరిచి మొలకలు లెక్కపెట్టేది. నూటికి తొంభై పైగా మొలకెత్తాయి. వారాల పని రెండు రోజులకు దిగింది.

వ్యాసం రాయడం అయ్యాక తగువు వచ్చింది. ఆ విద్యలో ఎవరి పేరు ముందుంటే ఆ పని వారిదని లెక్క.

"నీ పేరు ముందు పెట్టు," అన్నాడు పొడుగాయన. "వంగి వంగి మొలకలు ఏరింది నువ్వు."

"ఆలోచన నీది. నీదే ముందు."

"నాకు ఇంకెన్నాళ్ళ సర్వీసుంది చెల్లెమ్మా? ముందుంటే ఏం, వెనకుంటే ఏం?"

"అందుకే ముందుండాలి. నేను తర్వాత రాసుకుంటాలే బోలెడు."

ఆయన ఇంకేదో అంటుండగానే ఆమె ఆయన పేరు ముందు, తన పేరు వెనక పెట్టి పంపించేసింది. ఆమె చేసిన మంచి పనుల్లో ఇదొకటని వదిన అందరికీ చెప్పుకుంది.

వ్యాసం రెక్కలొచ్చినట్టు ఎగిరింది. సంస్థ పుట్టినప్పటి నుంచీ ఏ వ్యాసాన్నీ అంతమంది ప్రస్తావించలేదు. ఏటా డైరెక్టరు గారు చదివే అంకె పెరిగేది, దర్జీ గిరాకీల ఊపిరి ఇంకాస్త ఎక్కువసేపు ఆగేది. ఒకసారి భోజనాల దగ్గర పొడుగాయన డబ్బా మూత తీస్తూ, "ఇంతమంది మనల్ని నిజంగా చదివుంటారంటావా?" అన్నాడు.

"చదవకుండా ఎలా రాస్తారు?"

"మనం చదవకుండా ఎంతమంది పేర్లు రాయలేదూ?"

ఇద్దరూ పొలమారేటట్టు నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. తమ పేరెత్తినవాళ్ళు ఏమని ఎత్తారో తెరిచి చూడడానికి ఇద్దరికీ తీరిక లేదు. అంకె పైకి పోతుంటే ఎవరు మాత్రం చూస్తారు? అక్కడ పనిచేసేవాళ్ళందరిదీ అదే అలవాటు.

పొడుగాయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆస్పత్రి మంచం పొడవు చాలక ఆయన కాళ్ళు ఆనడానికి చివర కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుందామని వచ్చినవాళ్ళు కూర్చోలేక వెళ్ళిపోయేవారు. మనిషి పోయాక సంస్థలో ఎవరో ఆయన వచ్చే తలుపు వైపు చూసి, అలవాటుగా తామే మెడ వంచారట.

విత్తనాలను చలిలో దాచే కొత్త గది కట్టడం అప్పటికి పూర్తి కావస్తోంది. దానికి పొడుగాయన పేరు పెట్టాలని డైరెక్టరు గారు నిర్ణయించారు. కారణం సైటేషన్లే. సంస్థకు అంత పేరు తెచ్చిన వ్యాసంలో మొదటి పేరు ఆయనది. తలుపు పక్క గోడకు ఇత్తడి పలక, ప్రారంభం నాడు వదిన చేతులమీదుగా తెర తీయడం. ఆ కబురు తీసుకెళ్ళింది గింజలమ్మే. వదిన గుమ్మంలోనే కూలబడి, "ఎవరైనా చదువుతారా దాన్ని?" అని అడిగింది.

"గదిలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ చదవాల్సిందే వదినా. కళ్ళెదురుగా ఉంటుంది."

"ఆయన కళ్ళెదురుగానా, మామూలువాళ్ళ కళ్ళెదురుగానా? కాస్త కిందికే పెట్టించు," అంది వదిన. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

డైరెక్టరు గారు గింజలమ్మకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. "మీరు మాట్లాడాలమ్మా ఆ రోజు. ఆయన వ్యాసం గురించి లోకం ఏమందో ఒక పది వాక్యాలు ఏరి తెండి. వినేవాళ్ళకు ఒళ్ళు పులకరించాలి."

ఆమె లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, తమ పేరెత్తిన వ్యాసాలను మొదటిసారి తెరిచింది. మొదటి దాంట్లో ఊరికే పేర్ల వరసలో ఒక పేరు. రెండోదీ అంతే. మూడోదాంట్లో, "వీరి ఫలితాలతో మా ఫలితాలు ఏకీభవించలేదు" అని ఉంది. అలాంటివి ఒకటీ అరా ఉంటాయిలే అనుకుంది. నాలుగోవాళ్ళు, "వీరు చెప్పిన వేడిలో మా గింజలు మొలకెత్తలేదు" అన్నారు. అయిదోవాళ్ళు, "ఈ పద్ధతిని మళ్ళీ పరిశీలించడం అవసరం" అన్నారు. శాస్త్రం చదివినవాళ్ళ తిట్లు మర్యాదగా ఉంటాయి, తిట్టని తెలియడానికి కాసేపు పడుతుంది. మధ్యాహ్నం దాటేసరికి ఆమెకు తెలిసిపోయింది. పేరెత్తినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళను పొగడడానికి ఎత్తలేదు. ఇక్కడ గొయ్యి ఉంది, పడకండి అని చూపించడానికి ఎత్తారు. లెక్కపెట్టే యంత్రానికి మాత్రం పొగడ్తా ఒకటే, తెగడ్తా ఒకటే. రెంటికీ ఒక్కో అంకె కలిపింది.

అన్నిటికంటే చిన్న వ్యాసం ఒకటి చివర్లో దొరికింది. ఎక్కడో కొండల మధ్య ఉన్న చిన్న విత్తనాల గిడ్డంగి వాళ్ళు రాసింది. నల్ల మచ్చల బఠాణీ రకం ఒకటి వాళ్ళ దగ్గర మాత్రమే మిగిలింది, పండించేవాళ్ళు పోయారు. దాన్ని తొందరగా దాచుకుందామని ఈ పద్ధతిలో ఆరబెట్టారు. ఒక్క గింజా మొలవలేదు. ఇంకెక్కడైనా ఆ రకం ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరని చివరి వాక్యం. ఆ వాక్యం కింద, ఆధారాల జాబితాలో, పొడుగాయన పేరు, తన పేరు.

ఆమె లేచి మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళి, తాగకుండా తిరిగి వచ్చింది.

పాత ఓవెన్‌ను అప్పటికి వరండాలో పెట్టేశారు. ఆమె దాన్ని లోపలికి లాగించి, పైన ఒక థర్మామీటరు, కింది అరలో ట్రే పక్కన ఇంకొకటి పెట్టి వేడెక్కించింది. ఫ్యాను ఎప్పటిలాగే గుయ్యిమంది. పైన నలభై అయిదు. కింద ముప్పై ఎనిమిది. థర్మామీటర్లను అటూ ఇటూ మార్చి చూసింది. అదే తేడా. వెనక రేకు విప్పితే మోటారు తిరుగుతోంది, రెక్కలు మాత్రం ఇరుసు మీద వదులై కదలకుండా నిలబడ్డాయి. వేడి గాలి పైనే ఉండిపోయింది. గింజలు కింద చల్లగా ఉండి బతికాయి. తాము మూడేళ్ళూ పైన అంకె చూసి కింద గింజలకు అంటగట్టారు. ఆమె చేత్తో రెక్క ముట్టుకుంటే అది ఏమాత్రం పట్టు లేకుండా, ఊయలలా ఊగింది.

ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పింది. దర్జీ కోటు చేతికి కాజాలు కుడుతున్నాడు.

"అయితే ఏమైందిప్పుడు?" అన్నాడు అంతా విని.

"తప్పు రాశాం నాన్నా. ఆ వ్యాసం వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటున్నామని అందరికీ తెలిసేటట్టు అచ్చు వేయించాలి."

"తీసుకుంటే ఆ మూడు వందలూ?"

"లెక్కలోంచి పోతాయి."

"ఆ పలక?"

"అదీ పోతుంది."

"చూడమ్మా," అన్నాడు దర్జీ సూది పక్కన గుచ్చి. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఎవరూ అడగందే నువ్వెందుకు చించుకోవడం? అందులో తప్పుందని అంతమంది రాశారన్నావుగా, తెలియాల్సినవాళ్ళకు తెలుసు. ఆ పొడుగాయన లేచొచ్చి సమాధానం చెబుతాడా?"

"చదవనివాళ్ళే ఎక్కువ నాన్నా. అంకె చూసి, మంచి పద్ధతి కాబోలని గింజలను ఓవెన్‌లో పెడతారు. ఒక రకం ఇప్పటికే పోయింది, మళ్ళీ పుట్టదు."

"బఠాణీలే," అన్నాడు దర్జీ. కూతురి మొహం చూసి, "నేను పాడుమాట అనలేదే, బఠాణీలే అన్నాను," అని మళ్ళీ సూది తీసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం వచ్చిన గిరాకీకి కొలతలన్నీ మాట్లాడకుండా తీసేసరికి, ఒంట్లో బాగాలేదా అని వాడే అడిగాడు.

మరునాడు ఆమె వదిన ఇంటికి వెళ్ళింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు కాగితం పంపకముందే చెప్పాలనుకుంది. వదిన ప్రారంభానికి కట్టుకోవాలని తీసిన బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమె చెబుతున్నంతసేపూ ఇస్త్రీ చేస్తూనే ఉంది. చెప్పడం అయ్యాక పెట్టెను నిలబెట్టింది.

"ఆయనకు తెలియదు కదా?"

"తెలియదు వదినా. ఇద్దరికీ తెలియదు."

"తెలియకుండా జరిగినదానికి పలక తీసేస్తారా?"

"పలక ఆ వ్యాసం వల్లే పెడుతున్నారు."

"నెల రోజులు ఆగు. తెర తీయనీ, నలుగురూ చూడనీ. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. తర్వాత ఎవరూ పట్టించుకోరు, పలక గోడకు ఉండిపోతుంది."

"ఉండనివ్వరు వదినా. పెట్టాక తీస్తే ఇంకా చూడలేం. నేను అక్కడ నిలబడి ఆయన్ను పొగుడుతూ..." అని, ఇంకో మాట అందుకుంది. "థర్మామీటరు చూసి రాసింది నేను. ఆ మాట నేను రాస్తాను, తప్పు నాదని."

"రాస్తావు. కానీ ఎవరి పేరు ముందొస్తుంది?"

"ఎక్కడ వదినా?" అంది గింజలమ్మ.

"వెనక్కి తీసుకుంటున్నాం అని వేస్తారు కదా, దానిమీద ఎవరి పేరు ముందుంటుంది అంటున్నా. వద్దంటున్నా వినకుండా ముందు పెట్టావు. ఎంత మంచిపిల్లవి అని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ముందు మునిగేది ఆయనే. నువ్వు వెనకున్నావు, గట్టునే ఉంటావు. నీ ముందు బోలెడు వ్యాసాలున్నాయి. ఆయనకు ఇంకొకటి రాసే వీలుందా?"

ఇస్త్రీ పెట్టె చప్పుడు చేసి చల్లారుతోంది. కాసేపటికి వదిన ఆ బట్టలనే మళ్ళీ పరిచి, మడతలు లేనిచోట కూడా రుద్దడం మొదలుపెట్టింది. గింజలమ్మ వచ్చేసింది.

డైరెక్టరు గారు తలుపు వేయించి మాట్లాడారు. "వెనక్కి తీసుకుంటే మన సంస్థ అంకె ఎంత కిందికి పోతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను సార్."

"ఎందుకమ్మా మొండితనం? చిన్న సవరణ వేయండి. కొన్ని పరిస్థితుల్లో ఫలితాలు మారవచ్చు అని ఒక ముక్క. వ్యాసం ఉంటుంది, లెక్కా ఉంటుంది. పోయిన మనిషి పరువూ ఉంటుంది."

"ఆ వ్యాసమంతా నలభై అయిదు డిగ్రీలు అన్న మాట మీదే నిలబడింది సార్. అది తీసేస్తే మిగిలేవి మా పేర్లే."

"పేర్ల కోసమే కదమ్మా అందరం ఇక్కడ తంటాలు పడుతున్నది," అన్నారాయన. ఆ అనడంలో ఎగతాళి లేదు, అలసట ఉంది.

ఆమె పంపించింది. పత్రిక వాళ్ళు అచ్చు వేశారు. రీడింగులు తీసింది, ఓవెన్‌ను పరీక్షించకుండా నమ్మింది రెండో రచయిత్రి అని ఆమె రాసిన వాక్యాన్ని సగానికి కుదించి, "ఉపకరణంలోని లోపం వల్ల" అని మార్చారు. పేర్ల వరస మాత్రం మార్చలేదు, అది పద్ధతి కాదన్నారు. ఆ ఏడు లెక్కల సాయంత్రం ఆమె అంకె చదివినప్పుడు హాలు ఒక క్షణం అయోమయంగా ఊరుకుని, తర్వాత మర్యాదకు చప్పట్లు కొట్టింది. దర్జీ అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు, ఆపితే ఏమవుతుందో అన్నట్టు. రావలసిన ప్రమోషను పక్క గదిలోని కుర్రవాడికి పోయింది. వాడు వచ్చి కాళ్ళకు దండం పెట్టినంత పని చేశాడు పాపం.

వెనక్కి తీసుకున్నాక కూడా ఆ వ్యాసాన్ని ప్రస్తావించడం జనం మానలేదు. ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాస్తూనే ఉన్నారు. అలా ఎవరు రాసినా ఆమె వాళ్ళకు ఉత్తరం రాసేది. అది తప్పు, ఆ వేడిలో గింజలు పెట్టకండి అని. కొందరు థాంక్స్ చెప్పారు. కొందరు జవాబివ్వలేదు. కొండల మధ్య గిడ్డంగివాళ్ళకు రాసిన ఉత్తరం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. నల్ల మచ్చల బఠాణీ కోసం తనకు తెలిసిన గిడ్డంగులన్నిటికీ రాసింది, ఎక్కడా దొరకలేదు. ఇప్పటికీ ఎక్కడ కొత్త జాబితా వచ్చినా ముందు ఆ పేరే వెతుకుతుంది. బంగారు పతకం, డాక్టరేటు, సొంత గది అని పేర్చి చెప్పేవాళ్ళు ఈ పని చెప్పడం మరచిపోతారు. అన్నిటి పైన చెప్పవలసింది ఇదే.

కొత్త గది ప్రారంభం మాత్రం అనుకున్న రోజునే, హంగు లేకుండా జరిగింది. పేరు పెట్టలేదు, రెండో గది అన్నారు. డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించి తొందరగా వెళ్ళిపోయారు. జనం పలచబడ్డాక గింజలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంటే, వరండా చివర వదిన కనబడింది. ఎవరూ పిలవలేదు. ఆ రోజు ఇస్త్రీ చేసుకున్న బట్టలే కట్టుకుంది.

"వదినా."

"ఇదేనా గది?"

"ఇదే. రా లోపలికి. ఈ కోటు వేసుకో, చలి."

వదిన కోటు తీసుకోలేదు. లోపలికి వెళ్ళి అరల మధ్య నడిచింది. సీసాలు, రేకు సంచులు, వాటి మీద చీటీలు. ఒక అరను చేత్తో తాకి, చేయి వెనక్కి లాక్కుంది.

"ఇంత చల్లగా ఉంటుందా? సాయంత్రం ఇంటికొస్తే ఆయన చేతులు ఇలాగే ఉండేవి. ఎక్కడ పెట్టుకొచ్చావయ్యా ఈ చేతులు అని కసిరేదాన్ని. చెప్పేవాడు కాదు, నా మెడకు ఆనించేవాడు."

"పాత గది ఇంకా చలి," అంది గింజలమ్మ.

బయటికి వచ్చాక వదిన తలుపు పక్క గోడ చూసింది. పలక కోసం ముందే వేసిన రెండు బెజ్జాలను పూడ్చారు, రంగు ఇంకా వేయలేదు.

"అక్కడేనా?"

"అక్కడే. నువ్వన్నట్టు కాస్త కిందికే వేయించాను."

వదిన ఆ రెండు తెల్లటి మచ్చల వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత, కోపం లేకుండా, మార్కెట్లో ధర చెప్పినట్టు చెప్పింది. "నువ్వు చేసింది తప్పని నేను అనను. మా తమ్ముణ్ణి అడిగితే వాడూ ఒప్పే అన్నాడు. బతికుంటే ఆయనే చేసేవాడేమో, నాకు తెలియదు. ఒప్పయితే ఒప్పే. కానీ నన్ను వదినా అని పిలవకు."

"మరి ఏమని పిలవను?"

"పిలవాల్సిన పనేముంది ఇక మనకు?"

ఆమె వెళ్ళిపోయింది. వరండా చివర రెండు దారులు, కుడివైపుది గేటుకు, ఎడమవైపుది సామాను గదులకు పోయి మూసుకుపోతుంది. వదిన కళ్ళు తుడుచుకుంటూ ఎడమకు తిరిగింది. అటు దారి లేదని చెప్పడానికి గింజలమ్మ రెండడుగులు వేసి నోరు తెరిచింది. ఏమని పిలవాలో తెలియక, తెరిచిన నోటితో అలాగే నిలబడిపోయింది.